పాత పామ్, పాకెట్ పీసీ ఫైళ్లలో అసలు ప్రోగ్రామ్ ఏది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒక పాత పామ్ ఎం500 (జేబులో పట్టే చేతి కంప్యూటర్), దాంతోపాటు ఒక సీడీ మీ చేతికొచ్చాయి. సీడీలో పీఆర్‌సీ, పీడీబీ, ఈఎక్స్‌ఈ, క్యాబ్, ఎస్‌ఐఎస్ అంటూ రకరకాల ఎక్స్‌టెన్షన్లతో (ఫైలు పేరులో చుక్క తర్వాతి అక్షరాలు) ఫైళ్లు కలగాపులగంగా ఉన్నాయి, పీడీబీల్లో కొన్ని పెద్ద సైజువి. ఒక ఈఎక్స్‌ఈకి పీఆర్‌సీ అని పేరు మార్చి ఎక్కించబోతే కుదరలేదు. వీటిలో అప్లికేషన్ ఏది, డేటా ఏది, మీ పరికరానికి పనికొచ్చేవి ఏవి అని అడిగారు.

సూటిగా చెప్తాను. పామ్‌లో నడిచే అప్లికేషన్ పీఆర్‌సీ ఫైల్లో ఉంటుంది. పీడీబీ ఆ అప్లికేషన్ వాడుకునే డేటా. క్యాబ్ పాకెట్ పీసీది (మైక్రోసాఫ్ట్ విండోస్ సీఈతో నడిచిన చేతి కంప్యూటర్లు), ఎస్‌ఐఎస్ సింబియన్‌ది (పాత స్మార్ట్‌ఫోన్ల ఆపరేటింగ్ సిస్టమ్); ఈ రెండూ మీ ఎం500కి ఏ రకంగానూ పనికిరావు. ఈఎక్స్‌ఈ సంగతి మాత్రం లోపల చూస్తే గానీ తేలదు. చాలాసార్లు అది డెస్క్‌టాప్ మీద నడిచే ఇన్‌స్టాలర్, దాని పొట్టలో పీఆర్‌సీ ఉంటుంది. ఇక పేరు మార్చడం గురించి: ఎక్స్‌టెన్షన్ మార్చినంత మాత్రాన ఏ ఫైలూ ఇంకో రకం ఫైలు అయిపోదు. అది మీకు ఇప్పటికే తెలిసొచ్చింది.

పై నాలుగు ముక్కలూ చాలామందికి సరిపోతాయి. కానీ మీ సీడీలో ఉన్నట్టు అన్నీ కలిసిపోయి ఉన్నప్పుడు మినహాయింపులే ఎక్కువ తగులుతాయి. నేను ఒకప్పుడు ఈ పరికరాలకు ప్రోగ్రాములు రాసేవాణ్ణి, ఇప్పుడు ఎక్కువగా పాత బ్యాకప్‌ల నుంచి డేటా బయటికి తీసే పని చేస్తున్నాను. నేను చూసే వరస ఎప్పుడూ ఒకటే: ముందు పరికరం ఏమిటో, అందులో ప్రాసెసర్ ఏమిటో, తర్వాత ఫైల్లోని మొదటి కొన్ని బైట్లు, ఎక్స్‌టెన్షన్ అన్నిటికంటే ఆఖరున. ఎక్స్‌టెన్షన్‌ని ముందు నమ్ముకుంటే పప్పులో కాలేస్తారు.

ఎందుకో పామ్‌తోనే మొదలుపెడదాం, మీ పరికరం అదే కాబట్టి.

పామ్ ఓఎస్‌లో మనం అనుకునే ఫైల్ సిస్టమే లేదు. 1996లో వచ్చిన తొలి పైలట్ 1000లో మొత్తం మెమరీ 128 కిలోబైట్లు. ఫైలు తెరవడం, దాన్ని ర్యామ్‌లోకి కాపీ చేసుకోవడం లాంటి విలాసాలకు అక్కడ చోటు లేదు. అందుకే ప్రోగ్రామ్ అయినా, డేటా అయినా ర్యామ్‌లోనే ఒక 'డేటాబేస్' రూపంలో ఉండిపోతుంది, ఉన్నచోటే నడుస్తుంది. డేటాబేస్ అంటే పెద్దగా ఊహించుకోకండి, చిన్న చిన్న ముక్కల వరస, అంతే. ఆ ముక్కలు రెండు రకాలు. కోడ్, స్క్రీన్ ఫారాలు, ఐకాన్ల వంటివి అయితే రిసోర్సులు. మీ మెమోలు, అడ్రసుల వంటివి అయితే రికార్డులు. రిసోర్సులున్న డేటాబేస్‌ని డెస్క్‌టాప్‌కి తెస్తే పీఆర్‌సీ అంటాం, రికార్డులున్నదాన్ని తెస్తే పీడీబీ అంటాం. పరికరంలో ఈ ఎక్స్‌టెన్షన్లు ఉండనే ఉండవు, అవి డెస్క్‌టాప్ సౌకర్యం కోసం తగిలించినవి.

మరి పరికరం ఎలా గుర్తుపడుతుంది? ప్రతి పీఆర్‌సీకీ, పీడీబీకీ మొదట్లో 78 బైట్ల హెడర్ (ఫైలు వివరాలు రాసి ఉండే మొదటి భాగం) ఉంటుంది. రెండిటికీ ఒకే హెడర్. అందులో మొదటి 32 బైట్లు డేటాబేస్ పేరు. పరికరం చూసే పేరు ఇదే, మీరు డెస్క్‌టాప్‌లో ఫైలుకి ఏ పేరు పెట్టినా దానికి పట్టదు. సున్నా నుంచి లెక్కపెడితే 60వ బైటు దగ్గర నాలుగు అక్షరాల 'టైప్', 64వ బైటు దగ్గర నాలుగు అక్షరాల 'క్రియేటర్ ఐడీ' ఉంటాయి. అసలు గుట్టంతా ఈ ఎనిమిది అక్షరాల్లోనే ఉంది.

ఏదైనా హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్లోని బైట్లను ఉన్నదున్నట్టు చూపించే ప్రోగ్రామ్) ఫైలు తెరిచి అక్కడ చూడండి. టైప్ దగ్గర చిన్నబడి ఇంగ్లిష్ అక్షరాల్లో ఏ, పీ, పీ, ఎల్ అని ఉంటే అది అచ్చంగా అప్లికేషన్. ఎక్కిస్తే లాంచర్‌లో (ప్రోగ్రాములన్నీ కనిపించే తెర) ఐకాన్ కనిపిస్తుంది. ఎల్, ఐ, బీ, ఆర్ అని ఉంటే అది షేర్డ్ లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్. దాని ఎక్స్‌టెన్షన్ కూడా పీఆర్‌సీయే, కానీ ఎక్కించాక ఐకాన్ రాదు. మ్యాథ్‌లిబ్ అనే లైబ్రరీ దీనికి మంచి ఉదాహరణ. లెక్కలు చేసే చాలా ప్రోగ్రాములకు అది కావాలి. జనం దాన్ని ఎక్కించి, ఐకాన్ కనబడక, ఎక్కలేదేమో అని మళ్లీ మళ్లీ ఎక్కిస్తుంటారు. ఎక్కింది, లోపల కూర్చుని తన పని తాను చేసుకుంటోంది. మీ సీడీలో ఆ పేరుతో ఫైలు ఉంటే పారేయకండి.

పీ, ఏ, ఎన్, ఎల్ అని ఉంటే అది ప్రిఫరెన్సెస్‌లో (సెట్టింగులు) చేరే ప్యానెల్. పెద్దబడి అక్షరాల్లో హెచ్, ఏ, సీ, కే అని ఉంటే అది హ్యాక్‌మాస్టర్ (ఓఎస్ పనితీరుని మార్చే పొడిగింపులను నడిపే ప్రోగ్రామ్) కింద నడిచే చిన్న పొడిగింపు. హ్యాక్‌మాస్టర్ గానీ, దానికి బదులుగా వచ్చిన ఎక్స్‌మాస్టర్ గానీ లేకుండా అది ఒట్టి బరువు.

ఇంకో తిరకాసు ఉంది. పీఆర్‌సీ అన్నంత మాత్రాన ప్రోగ్రామ్ అని కాదు. మోబీపాకెట్ పుస్తకాలు చాలావరకు పీఆర్‌సీ పేరుతోనే చలామణీ అయ్యాయి. ఆ కంపెనీని 2005లో అమెజాన్ కొనేసింది, తొలి కిండిల్ పుస్తకాల ఫార్మాట్ దాని మీదే కట్టారు. అలాంటి ఫైల్లో 60వ బైటు దగ్గర చూస్తే ఎనిమిది అక్షరాలు కలిపి 'బుక్‌మోబీ' అని చదువుకోవచ్చు. అది అప్లికేషన్ కాదు, పుస్తకం. అదే పామ్‌డాక్ అనే పాత పుస్తక ఫార్మాట్‌లో అయితే టైప్, క్రియేటర్ కలిపి 'టెక్స్ట్‌రీడ్' అని వస్తుంది, మధ్యలో పెద్దబడి, చిన్నబడి అక్షరాలు కలిసిపోయి చూడ్డానికి వింతగా ఉంటుంది. ఇవి మామూలుగా పీడీబీ ఎక్స్‌టెన్షన్‌తో దొరుకుతాయి. మీ సీడీలో పెద్ద సైజు పీడీబీలు ఉన్నాయన్నారు కదా, అవి పుస్తకాలో నిఘంటువులో అయ్యే అవకాశం ఎక్కువ.

పీడీబీ విషయంలో మరీ విచిత్రం, ఆ మూడక్షరాలని పామ్‌తో సంబంధమే లేనివాళ్లు కూడా వాడుకున్నారు. మైక్రోసాఫ్ట్ కంపైలర్ పుట్టించే డీబగ్ సమాచారం ఫైలు కూడా పీడీబీయే. దాన్ని టెక్స్ట్‌గా తెరిస్తే మొదట్లోనే మైక్రోసాఫ్ట్ పేరు కనిపిస్తుంది. ప్రొటీన్ అణువుల ఆకారాలు రాసుకునే జీవశాస్త్ర ఫైళ్లదీ అదే ఎక్స్‌టెన్షన్, అవి అచ్చంగా టెక్స్టే. ఆ సీడీ పాత యజమాని ప్రోగ్రామర్ అయితే మొదటి రకం తగలొచ్చు. పామ్ పీడీబీలో అయితే మొట్టమొదటి బైటు నుంచే డేటాబేస్ పేరు కనిపిస్తుంది, దాని వెనక 32 బైట్లు నిండేదాకా మామూలుగా సున్నాలుంటాయి. అలవాటైతే ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ఇప్పుడు క్రియేటర్ ఐడీ. నా పనిలో నాకు అన్నిటికంటే ఉపయోగపడేది ఇదే. ప్రతి అప్లికేషన్‌కీ ఒక ప్రత్యేకమైన నాలుగక్షరాల గుర్తు ఉంటుంది, ఆ అప్లికేషన్ డేటా మీద కూడా అదే గుర్తు ఉంటుంది. ఇంటిపేరు చూసి ఎవరి పిల్లాడో చెప్పినట్టు, పీడీబీలో క్రియేటర్ చూసి అది ఏ పీఆర్‌సీ తాలూకో చెప్పొచ్చు. మీ సీడీలోని ఫైళ్లన్నిటి క్రియేటర్‌లనీ ఒక కాగితం మీద రాసుకుంటే సగం చిక్కుముడి విడిపోతుంది: ఒకే గుర్తు ఉన్నవన్నీ ఒక గుంపు. ఒకసారి ఒకాయన తన ఖర్చుల లెక్కలున్న పీడీబీ ఒకటి పంపారు. ఏ ప్రోగ్రామ్‌లో రాశారో ఆయనకే గుర్తులేదు. ఫైలు పేరూ ఏమీ చెప్పలేదు. క్రియేటర్ చూసి, ఆయన పాత ఇన్‌స్టాలర్ల ఫోల్డర్లో అదే క్రియేటర్ ఉన్న పీఆర్‌సీ వెతికితే దొరికింది. ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్ మీద పామ్‌ని అనుకరించే ప్రోగ్రామ్) రెండూ ఎక్కించాం, లెక్కలు తెరుచుకున్నాయి.

ఈ గుర్తుతోనే ఒక ప్రమాదం కూడా ఉంది. లాంచర్‌లో ఒక అప్లికేషన్‌ని డిలీట్ చేస్తే, అదే క్రియేటర్ ఉన్న డేటాబేస్‌లన్నీ దాంతోపాటే పోతాయి. 'ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ వేద్దాం, డేటా ఎక్కడికి పోతుంది' అనుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు. అలాగే లోపలి పేరు ఒకటే అయిన రెండు డేటాబేస్‌లు పరికరం ర్యామ్‌లో పక్కపక్కన ఉండలేవు. డెస్క్‌టాప్‌లో రెండిటికీ వేర్వేరు ఫైల్ పేర్లు ఉన్నా సరే, రెండోది ఎక్కగానే మొదటిది మాయం. నిఘంటువుల డేటాతో నేను ఇది చాలాసార్లు చూశాను. రెండు వెర్షన్లకూ తయారీదారు లోపల ఒకటే పేరు పెట్టేవాడు.

పీఆర్‌సీ దొరికింది, టైప్ కూడా సరిగ్గా ఉంది, అయినా నడవకపోవచ్చు. పామ్ ఓఎస్ 4 దాకా పరికరాల్లో మోటరోలా 68000 కుటుంబానికి చెందిన డ్రాగన్‌బాల్ ప్రాసెసర్ ఉండేది. మీ ఎం500 ఆ కోవదే, 2001 నాటిది, పామ్ ఓఎస్ 4.0, 8 మెగాబైట్ల మెమరీ. 2002లో పామ్ ఓఎస్ 5తో ఆర్మ్ ప్రాసెసర్లు వచ్చాయి. పాత ప్రోగ్రాములు నడవాలని కొత్తవాటిలో 68000 కోడ్‌ని అనుకరించే పొర ఒకటి పెట్టారు. కాబట్టి పాత పీఆర్‌సీలు కొత్త పరికరాల్లో చాలావరకు నడుస్తాయి, హ్యాక్‌మాస్టర్ తరహావి తప్ప. రివర్స్‌లో మాత్రం గ్యారంటీ లేదు. పామ్ ఓఎస్ 5 కోసమని రాసిన ఆట, లోపల ఆర్మ్ కోడ్ ముక్కలు పెట్టుకున్న వీడియో ప్లేయర్ వంటివి మీ ఎం500లో మొరాయిస్తాయి. కొన్ని మర్యాదగా 'కొత్త ఓఎస్ కావాలి' అంటాయి, కొన్ని ఫేటల్ ఎర్రర్ చూపించి రీసెట్ నొక్కమంటాయి. టెన్షన్ పడకండి, పరికరం పాడవదు. సాఫ్ట్ రీసెట్ చేసి ఆ ఒక్క ఫైలూ తీసేస్తే చాలు.

పీక్యూఏ అనే ఎక్స్‌టెన్షన్ కూడా కనిపించవచ్చు. అవి వెబ్ క్లిప్పింగ్ (వెబ్ పేజీల్లోంచి కావలసిన ముక్కలే తెచ్చుకోవడం) కోసం చేసినవి, 1999 నాటి పామ్ 7తో వచ్చిన పద్ధతి. వాటి వెనకున్న సర్వీసు ఎప్పుడో మూతపడింది. వదిలేయండి.

ఇక ఎక్కించడం. మామూలు దారి హాట్‌సింక్, అంటే పామ్‌ని కంప్యూటర్‌కి కలిపి ఫైళ్లు, డేటా మార్చుకోవడం. కానీ ఇప్పటి 64 బిట్ విండోస్‌తో పామ్ యూఎస్‌బీ క్రెడిల్ (పరికరాన్ని నిలబెట్టే స్టాండు) కలవడం ఒక తలనొప్పి. మీ పరికరంలో ఎస్‌డీ కార్డు స్లాట్ ఉంది కాబట్టి నా సలహా ఆ దారే: కార్డులో పామ్ అనే ఫోల్డర్, దానిలోపల లాంచర్ అనే ఫోల్డర్, పేర్లు రెండూ ఇంగ్లిష్‌లోనే. పీఆర్‌సీలు, వాటి పీడీబీలు అందులో కాపీ చేసి కార్డు పెడితే లాంచర్‌లో కనిపిస్తాయి. 2 గిగాబైట్లు దాటిన కార్డు పెట్టకండి. ఎస్‌డీహెచ్‌సీ రకం 2006లో వచ్చింది, మీ పరికరానికి దాని ఊసే తెలియదు. కొన్ని ప్రోగ్రాములు కార్డు మీద ఉన్న డేటాని చూడలేవు. వాటి పీడీబీని కాపీ ఆప్షన్‌తో పరికరంలోకి తెచ్చుకోవాలి. పరికరంలో పెట్టేముందు ఒకసారి పరీక్షించుకోవాలంటే క్లౌడ్‌పైలట్ అనే ఎమ్యులేటర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. రోమ్ ఇమేజ్ (పరికరంలోని ఓఎస్ నకలు) ఒకటి కావాలి, అది మీ పరికరం నుంచే తీసుకోవచ్చు.

క్యాబ్‌లు, ఈఎక్స్‌ఈల సంగతికి వద్దాం. మీ పామ్‌కి పనికిరాకపోయినా, ఆ సీడీ యజమాని దగ్గర పాకెట్ పీసీ కూడా ఉండేదేమో, ఆ ఫైళ్ల విలువ తెలుసుకోవడం మంచిదే.

విండోస్ సీఈ పరికరాల్లో మామూలు ఫైల్ సిస్టమ్ ఉంటుంది, ఈఎక్స్‌ఈలు, డీఎల్‌ఎల్‌లు కూడా ఉంటాయి. సరిగ్గా అక్కడే జనం బోల్తా పడతారు: పేరు ఒకటే, లోపలి ప్రాసెసర్ వేరు. 2000లో పాకెట్ పీసీలు వచ్చినప్పుడు ఒకే ఓఎస్ మూడు రకాల ప్రాసెసర్ల మీద నడిచేది. హెచ్‌పీ జోర్నడా 540లో ఎస్‌హెచ్3, క్యాసియో ఈ-115లో మిప్స్, కాంపాక్ ఐప్యాక్ 3600లో స్ట్రాంగ్ ఆర్మ్. ఒకదాని ఈఎక్స్‌ఈ ఇంకోదాంట్లో నడవదు. పాకెట్ పీసీ 2002 నుంచి ఆర్మ్ ఒక్కటే మిగిలింది.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఈఎక్స్‌ఈని హెక్స్ ఎడిటర్‌లో తెరిచి, మొదట్లోనే ఎక్కడో పీ, ఈ అనే రెండక్షరాలు, వాటి వెనక రెండు సున్నా బైట్లు ఉన్నచోటు చూడండి. ఆ తర్వాతి రెండు బైట్లు ప్రాసెసర్ సంఖ్య, తలకిందులుగా రాసి ఉంటుంది. 66 01 ఉంటే మిప్స్, ఏ2 01 ఉంటే ఎస్‌హెచ్3, సీ0 01 ఉంటే ఆర్మ్, 4సీ 01 ఉంటే మామూలు డెస్క్‌టాప్ ప్రోగ్రామ్. చివరిదానికి ఒక మెలిక ఉంది: డాట్‌నెట్ కాంపాక్ట్ ఫ్రేమ్‌వర్క్ కోసం రాసిన పాకెట్ పీసీ ప్రోగ్రాముల్లో కూడా ఆ 4సీ 01 కనిపిస్తుంది, ఎందుకంటే వాటిలో ఉన్నది ఏ ప్రాసెసర్‌కీ చెందని మధ్యస్థ కోడ్. కాబట్టి ఆ సంఖ్య చూడగానే డెస్క్‌టాప్‌ది అని కొట్టిపారేయకుండా, ఫైలు మరీ చిన్నదైతే రెండోసారి ఆలోచించండి.

క్యాబ్ అనేది ఇన్‌స్టాలర్. ఆర్కైవ్ ప్రోగ్రామ్‌తో తెరిస్తే లోపల పొట్టి పేర్లతో, 001, 002 అని అంకెల ఎక్స్‌టెన్షన్లతో ఫైళ్లుంటాయి. వాటిని బయటికి తీసి నేరుగా వాడబోకండి. ఏది ఏ పేరుతో ఎక్కడ పెట్టాలో, రిజిస్ట్రీలో (సెట్టింగుల పట్టిక) ఏం రాయాలో 000 ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైల్లో ఉంటుంది. ఏ ప్రాసెసర్‌కో కూడా అందులోనే ఉంటుంది: స్ట్రాంగ్ ఆర్మ్‌కి 2577, మిప్స్‌కి 4000, ఎస్‌హెచ్3కి 10003. ఒక జాగ్రత్త: పాకెట్ పీసీలో క్యాబ్ మీద ట్యాప్ చేస్తే ఇన్‌స్టాల్ అయ్యాక ఆ క్యాబ్ ఫైలు తనంతట తానే చెరిగిపోవడం మామూలు. ఎప్పుడూ కాపీతోనే పని చేయండి.

ఎస్‌ఐఎస్ గురించి రెండు ముక్కలు. సింబియన్ ఓఎస్ 9కి ముందువి ఒక జాతి, తర్వాతవి ఇంకో జాతి, ఒకదానివి ఒకదానికి ఎక్కవు. తర్వాతి వాటికి డిజిటల్ సంతకం ఉంటుంది, ఆ సర్టిఫికెట్ గడువు తీరిపోయి ఇన్‌స్టాల్ కాకపోతే పరికరం తేదీ వెనక్కి జరిపి ప్రయత్నించడం అందరూ చేసే పనే. పీకేజీ ఎక్స్‌టెన్షన్ కనిపించి, మొదటి ఎనిమిది అక్షరాలు 'ప్యాకేజ్' అనే మాట, దాని పక్కన 0 గానీ 1 గానీ అయితే అది ఆపిల్ న్యూటన్ అనే పాత చేతి కంప్యూటర్‌ది. ఐపీకే అయితే షార్ప్ జారస్ వంటి లైనక్స్ పరికరాలది.

చివరగా మీరు అడగనిది ఒకటి. ఆ ఎం500 బ్యాటరీ ఏళ్ల తరబడి చచ్చి పడి ఉంటే, పాత యజమాని ఎక్కించుకున్న ప్రోగ్రాములు, రాసుకున్న నోట్సు పరికరంలో ఉండవు. ర్యామ్‌కి కరెంటు ఆగితే అన్నీ పోతాయి. ఫ్లాష్ మెమరీలో దాచుకోవడం ట్రియో 650 (2004 నాటి పామ్ ఫోన్) కాలానికి గానీ రాలేదు. కాబట్టి నోట్సు కోసం పరికరాన్ని కాదు, ఆయన కంప్యూటర్‌ని వెతకండి. పామ్ డెస్క్‌టాప్ ఫోల్డర్లో యూజర్ పేరుతో ఒక సబ్‌ఫోల్డర్, అందులో బ్యాకప్ అనే ఇంకోటి ఉంటాయి. బ్యాకప్‌లో పీఆర్‌సీలు, పీడీబీలు దొరుకుతాయి. అడ్రసులు, మెమోలు, క్యాలెండర్, చేయాల్సిన పనుల జాబితా మాత్రం పక్క ఫోల్డర్లలో డీఏటీ ఫైళ్లుగా ఉంటాయి. మీ సీడీలో డీబీఏ, ఏబీఏ, ఎంపీఏ, టీడీఏ ఎక్స్‌టెన్షన్లతో ఏమైనా ఉన్నాయేమో కూడా చూడండి. అవి వరసగా క్యాలెండర్, అడ్రస్, మెమో, పనుల ఆర్కైవ్‌లు. వాటిని పామ్‌కి ఎక్కించాల్సిన పనిలేదు. పాత విండోస్ ఉన్న వర్చువల్ మెషీన్‌లో పామ్ డెస్క్‌టాప్ ఇన్‌స్టాల్ చేసి అక్కడే తెరిచి, మామూలు టెక్స్ట్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు.